ఆరో అంతస్తు

1973 జులై 12. అమెరికాలో మిస్సోరి రాష్ట్రం, సెయింట్ లూయిస్ నగరాన్ని ఆనుకుని ఉన్న ఓవర్‌లాండ్ పట్టణం. అర్ధరాత్రి దాటి పదహారు నిమిషాలైంది. పేజ్ బులవార్డ్ రోడ్డు మీద మోటార్‌సైకిల్‌పై వెళుతున్న ఒకతనికి 9700 నంబరు భవనం పై అంతస్తులోంచి పొగ రావడం కనిపించింది. కాపలా మనిషికి చెప్పాడు. అగ్నిమాపక కేంద్రంలో ఫోన్ మోగింది. మొదటి ఫైరింజన్ రావడానికి పట్టిన సమయం 4 నిమిషాల 20 సెకన్లు. ఆలస్యమేమీ కాదు. అయినా అప్పటికే ఆలస్యమైపోయింది.

ఆ భవనం మిలిటరీ పర్సనల్ రికార్డ్స్ సెంటర్. సైన్యంలో పనిచేసి ఇంటికి వెళ్లిపోయినవాళ్ల సర్వీసు ఫైళ్లన్నీ చేరేది అక్కడికే. ఎప్పుడు చేరాడు, ఏ దళంలో చేశాడు, ఎక్కడ గాయపడ్డాడు, ఏ జబ్బుతో ఏ ఆస్పత్రిలో పడుకున్నాడు, ఏ శిక్ష పడింది, ఎలా బయటికొచ్చాడు: ఒక మనిషి యవ్వనమంతా ఒక్క అట్టల ఫైలులో. ఆ ఫైలుంటేనే పింఛను, ఇంటి రుణం, వైద్యం, చివరికి జాతీయ శ్మశానవాటికలో ఆరడుగుల నేల.

మంట పుట్టింది ఆరో అంతస్తులో. అదే చివరి అంతస్తు. ఒక్కో అంతస్తు 728 అడుగుల పొడవు, 282 అడుగుల వెడల్పు. అంత విశాలమైన చోట ఇనుప అరల మీద అట్టపెట్టెలు, పెట్టెల నిండా కాగితం. మధ్యలో మంటను ఆపే గోడ ఒక్కటీ లేదు. పైకప్పులో నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్లూ లేవు. లోపలికి దూరిన సిబ్బంది వేడికీ పొగకీ తాళలేక తెల్లవారుజామున 3 గంటల 15 నిమిషాలకు వెనక్కి వచ్చేశారు. ఆ తర్వాత చేయగలిగింది బయటి నుంచి కిటికీల్లోకి నీళ్లు కొట్టడమే. 42 అగ్నిమాపక విభాగాలు వచ్చాయి. నీటి ఒత్తిడి చాలలేదు. ఆపకుండా 40 గంటలు నడిచిన పంపు బండి ఒకటి మొరాయించింది. ఆ చుట్టుపక్కల ఇళ్లవాళ్లు ఘాటు పొగకు తలుపులేసుకుని లోపలే ఉండిపోయారు. మంట పూర్తిగా ఆరిందని అధికారికంగా ప్రకటించింది జులై 16 ఉదయం.

స్ప్రింక్లర్లు మరిచిపోయి పెట్టకపోవడం కాదు. పెట్టాలా వద్దా అని ముందే చర్చించుకుని, వద్దనుకున్నారు. నీళ్లు కారితే కాగితాలు పాడైపోతాయని భయం! 1950లలో రికార్డులు దాచేవాళ్లలో ఈ వాదం గట్టిగా ఉండేది, ఆ భవనానికి నమూనా గీసిన సంస్థ కూడా చిన్నదేమీ కాదు. తర్వాత న్యూయార్క్ ట్విన్ టవర్స్‌కు రూపకల్పన చేసిన మినోరు యమసాకి అందులో భాగస్వామి. తీరా చూస్తే నిప్పు కాల్చినవి కాల్చగా, ఆ నిప్పును ఆర్పడానికి కొట్టిన నీళ్లు కింది అంతస్తులన్నిటినీ తడిపేశాయి. నీటికి భయపడి కట్టిన కట్టడం చివరికి నీళ్లలోనే నానింది.

లెక్క తేలడానికి కొంత కాలం పట్టింది. 1912 నవంబరు 1 నుంచి 1960 జనవరి 1 లోపు ఆర్మీ నుంచి బయటికొచ్చినవాళ్ల ఫైళ్లలో 80 శాతం పోయాయి. 1947 సెప్టెంబరు 25 నుంచి 1964 జనవరి 1 లోపు వైమానిక దళం వదిలినవాళ్లలో, ఇంటిపేరు అక్షర క్రమంలో 'హబ్బర్డ్' దాటాక వచ్చేవాళ్లవి 75 శాతం. మొత్తం 1.6 నుంచి 1.8 కోట్ల ఫైళ్లు. రెండు ప్రపంచ యుద్ధాలు, కొరియా యుద్ధం ఆ లెక్కలోనే ఉన్నాయి. వాటికి నకళ్లు లేవు. మైక్రోఫిల్మ్ తీయలేదు. కనీసం ఏ ఫైళ్లు ఉన్నాయో చెప్పే సూచిక కూడా లేదు. కాబట్టి ఎవరి ఫైలు కాలిందో కచ్చితంగా చెప్పగలవాళ్లు ఎవరూ లేరు. నిప్పు ఎలా అంటుకుందన్నదీ ఈనాటికీ తేలలేదు.

బూడిదలోంచి ఏరుకున్న కథ కూడా చిన్నది కాదు. నీళ్లోడుతున్న ఫైళ్లను పాల ప్యాకెట్లు మోసే ప్లాస్టిక్ ట్రేలలో పేర్చారు. బూజు పట్టకుండా థైమాల్ చల్లారు. మన వాము నూనెకు ఆ ఘాటునిచ్చే పదార్థమే అది. సెయింట్ లూయిస్‌లోనే మెక్‌డొనెల్ డగ్లస్ విమాన కంపెనీకి అంతరిక్షంలో ఉండే పరిస్థితుల్ని నేలమీద సృష్టించే పెద్ద వాక్యూమ్ చాంబర్ ఉండేది. చంద్రుడి వైపు చూసేవాళ్ల కోసం కట్టిన ఆ గదిలోకి తడిసిన సిపాయిల కాగితాలు వెళ్లాయి. ఒక్కో విడతకు రెండు వేల ట్రేల దాకా పట్టేవి. గాలి తోడేసి, తేమను లాగేసి ఆరబెట్టారు. అంచులు మాడి, మధ్యలో అక్షరాలు మిగిలిన ఫైళ్లు అలా 65 లక్షలు దక్కాయి. వాటికి 'బి' ఫైళ్లని పేరు పెట్టి, ఈసారి బుద్ధిగా సూచిక తయారుచేశారు. ఇంకొకటి కూడా దక్కింది. ఆరో అంతస్తులోంచే మార్నింగ్ రిపోర్టుల, అంటే కంపెనీల రోజువారీ చిట్టాల, మైక్రోఫిల్మ్ రీళ్లు లక్షకు పైగా బయటపడ్డాయి. అర్జీలకు జవాబు వెతికేటప్పుడు అవి ఎంతో పనికొచ్చాయి.

అర్జీలు ఆగవు కదా! దేశం నలుమూలల నుంచి రోజూ వేలల్లో వచ్చే ఉత్తరాలకు మంటల సంగతి తెలియదు.

ఇక్కడి నుంచి చెప్పేది 1990ల నడుమ నడిచిన అర్జీ కథ. అది ఒక్కరి కథ కాదు. ఇలాంటివి వేలకొద్దీ సాగిన దారినే ఒక అర్జీగా కూర్చాను. మనుషులకు పేర్లు పెట్టలేదు, మాటలు నావి. ఫారాలు, నియమాలు, వెతికే చోట్లు మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

అదే పేజ్ బులవార్డ్ భవనం. కాలిన ఆరో అంతస్తును తీసేశాక మిగిలిన అయిదింటిలో పని సాగుతోంది. కాలిపోయిన సర్వీసును తిరిగి కూర్చే సెక్షన్‌కు ఒకావిడ పెద్ద. ఆవిడ కింద పాతిక దాటని కుర్రాడొకడు కొత్తగా చేరాడు.

"మేడమ్, లైన్లో ఒకావిడ ఉంది. వాళ్ల నాన్న కొరియాలో పనిచేశాడట. మంచుకి కాళ్లు చచ్చుబడ్డాయట. ఇప్పుడు నడవలేకపోతున్నాడు. పింఛనుకు పెట్టుకుంటే, అప్పట్లో ఆస్పత్రిలో చేరిన కాగితం తెమ్మన్నారట. మనకు రాసింది."

"అర్జీ మీద సంతకం ఎవరిది?"

"ఆ కూతురిదే."

"నాన్న బతికే ఉన్నాడా?"

"ఉన్నాడు మేడమ్."

"అయితే ఆయనే పెట్టాలి. ఫారం వెనక్కి పంపు."

కుర్రాడు ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టి నిలబడిపోయాడు. "కాగితం పోగొట్టింది మనం. ఇప్పుడు ఆ ముసలాయన సంతకం లేదని తిప్పి పంపిస్తామా?"

"ఫైలు కాలింది గాని ఆయన గుట్టు కాలలేదు కదా," అందావిడ. "ఈవిడ మంచి కూతురే కావచ్చు. రేపు ఇదే మాట చెప్పి అప్పులవాడు ఫోన్ చేస్తాడు. ఎల్లుండి విడాకుల ప్లీడరు చేస్తాడు. వాళ్లకేం చెబుతావు?"

మంటలు ఆరిన మరుసటి ఏడాది, 1974లో, అమెరికాలో ప్రైవసీ యాక్ట్ వచ్చింది. ప్రభుత్వం దగ్గరున్న తన సమాచారం చూసుకునే హక్కు మనిషికి ఇచ్చింది. అతని అనుమతి లేకుండా ఇంకొకరికి ఇవ్వొద్దని ప్రభుత్వాన్ని కట్టేసింది. సర్వీసు ఫైలులో వైద్యం ఉంటుంది, మందలింపులు ఉంటాయి, కోర్టు మార్షల్ ఉంటే అదీ ఉంటుంది. సైనికుడు బతికున్నంతకాలం అర్జీ ఆయనదే. పోయాక మళ్లీ పెళ్లి చేసుకోని భార్య లేదా భర్త, తల్లిదండ్రులు, పిల్లలు, తోబుట్టువులు అడగొచ్చు. మనవడు అడిగితే కుదరదు. తాత ఎత్తుకుని పెంచిన మనవడైనా సరే! ఇది విన్నప్పుడు నాకు మొదట మొరటుగానే తోచింది. కానీ రోజుకు వేల అర్జీలు చూసే చోట, ఎదుటి మనిషి ముఖం కనిపించని చోట, సంతకం తప్ప గడప లేదు. జాలిపడి ఒకరికి తలుపు తీస్తే అది అందరికీ తెరుచుకుంటుంది.

మన దగ్గరా ఈ తంటా ఉన్నదే. సికింద్రాబాద్‌లోని సైనిక రికార్డు కార్యాలయాలైన ఈఎంఈ రికార్డ్స్‌కీ, ఏఓసీ రికార్డ్స్‌కీ దేశమంతటి నుంచీ మాజీ జవాన్ల ఇళ్లవాళ్లు ఉత్తరాలు రాస్తుంటారు. పేరులో ఒక అక్షరం, పుట్టిన తేదీలో ఒక అంకె తేడా వస్తే ఆ ఇంట్లో ఎన్ని నెలల నిద్ర పోతుందో అలాంటి ఇల్లు తెలిసినవాళ్లకే తెలుస్తుంది.

సంతకంతో అర్జీ తిరిగొచ్చింది. దానితోపాటు 13055 నంబరు ఫారం కూడా నింపి పంపారు. కాలిన వైద్య వివరాలను తిరిగి కూర్చడానికి పెట్టిన ఫారం అది. ఏ కంపెనీలో ఉన్నారు? ఏ నెలలో జబ్బు పడ్డారు? ఏ ఆస్పత్రి? అరవై దాటిన మనిషి ఇరవై ఏళ్లప్పటి సంగతులు చెప్పాలి. ఆయన రాసింది కొద్దిగానే: రెజిమెంటు పేరు, 1950 చలికాలం, ఉత్తర కొరియా కొండలు. ఆస్పత్రి పేరు తెలియదు, జపాన్‌లో ఎక్కడో అని రాశాడు. కాళ్లు నల్లబడి, స్పృహ ఉండీ లేక స్ట్రెచర్ మీద పోయినవాడు బోర్డు చదువుకుంటాడా?

కుర్రాడు మొదట 'బి' సూచిక చూశాడు. పేరు లేదు. మామూలుగా ఆ పూటే ఒక ఉత్తరం వెళ్లాలి. ఆ కేంద్రం నుంచి లక్షల ఇళ్లకు వెళ్లిన నమూనా ఉత్తరం ఒకటుంది. మీ రికార్డు మా ఫైళ్లలో లేదు, 1973 జులై 12న అది ఇక్కడ ఉండి ఉంటే అగ్ని ప్రమాదంలో ఎక్కువ నష్టపోయిన చోటనే ఉండేది, బహుశా కాలిపోయి ఉండొచ్చు అని దాని సారాంశం. రాసినవాళ్లు అబద్ధం రాయలేదు. సూచిక లేని చోట అంతకంటే కచ్చితంగా రాయలేరు కూడా. కానీ మంచులో కాళ్లు చచ్చుబడినవాడు ఆ 'ఉండి ఉంటే' చదివితే తనని అనుమానిస్తున్నారనే అనుకుంటాడు.

కుర్రాడు ఆ ఉత్తరం ముసాయిదా తెచ్చాడు. ఆవిడ తీసి పక్కన పెట్టింది.

"పే వోచర్ చూశావా?"

"లేదు."

"మార్నింగ్ రిపోర్టు?"

"కంపెనీ సరిగ్గా తెలియదు కదా మేడమ్."

"అన్ని తలుపులూ తట్టాక పంపేది ఈ ఉత్తరం. మొదటి తలుపు దగ్గరే పంపేస్తే ఇక మనమెందుకు?"

సైనికుడు బయటికొచ్చేటప్పుడు చివరి జీతం లెక్క తేల్చి ఇచ్చే కాగితం ఫైనల్ పే వోచర్. డబ్బు లెక్క కాబట్టి అది సైన్యం దగ్గర కాకుండా జమాఖర్చులు తనిఖీ చేసే జనరల్ అకౌంటింగ్ ఆఫీసు దగ్గర ఉండేది. అందుకే కాలలేదు. ప్రమాదం తర్వాత ఆ వోచర్లే ఈ సెక్షన్‌కు ఆధారమయ్యాయి. సిపాయి ప్రాణం పణంగా పెట్టిన రోజులకు సాక్ష్యం లేకుండా పోయింది గానీ, అతనికి ఇచ్చిన డాలర్ల లెక్క మాత్రం భద్రంగా ఉంది. ప్రభుత్వాలు దేన్ని జాగ్రత్తగా దాచుకుంటాయో ఇంతకంటే చక్కని రుజువు నాకు దొరకలేదు.

వోచర్ వెతకాలంటే సర్వీసు నంబరు కావాలి. ఆర్మీ సోషల్ సెక్యూరిటీ నంబరుకు మారింది 1969 జులైలో. అంతకు ముందు ప్రతి సిపాయికీ వేరే నంబరు ఉండేది. తనంతట తాను చేరినవాడి అంకెల ముందు 'ఆర్ఏ' అనీ, నిర్బంధంగా రప్పించినవాడి ముందు 'యూఎస్' అనీ అక్షరాలు. కూతురు రాసిన అర్జీలో ఒక అంకె ఒకటో ఏడో తెలియడం లేదు. కుర్రాడు మళ్లీ ఫోన్ చేశాడు. ఈసారి పెద్దాయనే మాట్లాడాడు. అడగడమే తరువాయి, 'ఆర్ఏ' నుంచి చివరి అంకె దాకా ఒక్క ఊపిరిలో చెప్పేశాడు. ఆస్పత్రి పేరు గుర్తులేనివాడికి అది గుర్తుంది. హాజరు పలికేటప్పుడు, జీతం తీసుకునేటప్పుడు, అన్నం వరసలో వేల సార్లు చెప్పిన నంబరది.

వోచర్ దొరికింది. పేరు కలిసింది, నంబరు కలిసింది. చేరిన తేదీ, వదిలిన తేదీ, గౌరవంగా వదిలాడన్న మాట, అన్నీ ఉన్నాయి. దీని ఆధారంగా 13038 నంబరు సర్టిఫికెట్ ముద్రవేసి ఇవ్వొచ్చు. పోయిన డిశ్చార్జి కాగితానికి బదులుగా అది చెల్లుతుంది. ఈయన సైన్యంలో పనిచేశాడని ప్రభుత్వం మళ్లీ ఒప్పుకున్నట్టే. కానీ కాళ్ల సంగతి వోచర్‌లో ఎందుకుంటుంది?

తర్వాతి తలుపు ఆర్మీ సర్జన్ జనరల్ ఆఫీసు టేపులు. సైనిక ఆస్పత్రుల్లో చేరికల వివరాలను గణాంకాల కోసం ఎప్పుడో అంకెల్లోకి మార్చి దాచారు. 1942 నుంచి 1945 వరకు, 1950 నుంచి 1954 వరకు. అవి నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ దగ్గర ఉన్నట్టు 1988లో వెలుగులోకి వచ్చింది. మంటల తర్వాత పదిహేనేళ్లకు! అందరి వివరాలూ వాటిలో లేవు. ఉన్నవాటిలోనూ పేర్లు లేవు. సర్వీసు నంబరు, వయసు, జబ్బుకు ఒక సంకేతాంకె, చేరిన నెల, అంతే. ఎవరిదీ అనవసరంగా బయటపడకూడదన్నట్టు ఏనాడో అనుకోకుండా పడిన ముసుగు అది. నంబరు తెలిసినవాడికే తెరుచుకుంటుంది.

కుర్రాడు నంబరు కొట్టించాడు. కాగితం పట్టుకుని ఆవిడ గదికి దాదాపు పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"ఉంది మేడమ్! 1950 డిసెంబరు. చలి వల్ల కలిగిన గాయం. ఉత్తరం రాసేయమంటారా, ఆయన కాళ్లు మంచుకి దెబ్బతిన్నాయని?"

ఆవిడ కాగితం రెండుసార్లు చదివింది. "ఇందులో ఆయన పేరుందా?"

"నంబరుంది కదా!"

"ఉన్నదే రాయి. ఫలానా నంబరు గల సైనికుడు ఫలానా నెలలో ఫలానా కారణంతో చేరినట్టు ఈ రికార్డు చెబుతోందని రాయి. ఆ నంబరు ఆయనదేనని వోచర్ చెబుతోందని కింద రాసి, రెండు నకళ్లూ జతచెయ్యి. నువ్వు డాక్టరువి కాదు. నువ్వు ఒక్క మాట ఎక్కువ రాస్తే, అవతల ఆఫీసులో ఎవరో ఆ ఒక్క మాట పట్టుకుని మిగతాదంతా కొట్టేస్తారు."

కుర్రాడి ముఖం చిన్నబోయింది. ఆవిడ చూసింది. "ఇప్పుడు మార్నింగ్ రిపోర్టు తీయించు," అంది. "నెల తెలిసింది కదా."

మార్నింగ్ రిపోర్టు అంటే కంపెనీ గుమాస్తా రోజూ పొద్దున్నే రాసే చిట్టా. అందరి పేర్లూ రాయడు. నిన్నటికీ ఇవాళ్టికీ మారినవాళ్లవే రాస్తాడు: వచ్చినవాడు, పోయినవాడు, ఆస్పత్రికి వెళ్లినవాడు, చెప్పకుండా మాయమైనవాడు. అందుకే కంపెనీ పేరు, తేదీ దగ్గరగా తెలియకపోతే దానిలో వెతకడం అసాధ్యం. ఆరో అంతస్తులోంచి బయటపడిన రీళ్లు ఇవే. ఆ నెల రీలును యంత్రానికి ఎక్కించి, పెద్దాయన చెప్పిన రెజిమెంటులో ఒక్కో కంపెనీ చొప్పున తిప్పారు. మూడో కంపెనీలో దొరికాడు. ఇంటిపేరు, నంబరు, డ్యూటీ నుంచి ఆస్పత్రికి. ఎందుకో రాయలేదు. ఎందుకో టేపు చెబుతోంది, ఎవరో రీలు చెబుతోంది.

మూడు కాగితాలూ మాజీ సైనికుల శాఖకు వెళ్లాయి. పింఛను ఇవ్వాలా వద్దా తేల్చేది ఆ శాఖ. ఈ సెక్షన్‌కు ఆ అధికారం లేదు. సాక్ష్యం అటూ ఇటూ సమానంగా ఉంటే అర్జీదారు వైపే మొగ్గాలని చట్టంలో ఉంది. అంతేకాదు, ప్రభుత్వం చేతిలో ఉండగా రికార్డులు పోయిన కేసుల్లో ఎందుకు కాదంటున్నారో వివరించే బాధ్యత ఆ శాఖ మీద మరింత ఎక్కువని 1991లో మాజీ సైనికుల అప్పీళ్ల కోర్టు తీర్పిచ్చింది. అంటే నిప్పు పుట్టిన పద్ధెనిమిదేళ్లకు, తగలబడింది ఎవరి ఇంట్లోనో గుర్తుంచుకోండని న్యాయస్థానం చెప్పాల్సి వచ్చింది. ఆ లోగా ఎందరి అర్జీలు ఆ నమూనా ఉత్తరం దగ్గరే ఆగిపోయాయో!

తిరిగి కూర్చిన కాగితాలన్నీ కలిపి 'ఆర్' ఫైలని కొత్త ఫైలు కట్టారు. ఎప్పుడో కాలిన ఫైలు స్థానంలో పది పన్నెండు పేజీల పలచటి ఫైలు. ఇంకోసారి ఆయనో, ఆయన పోయాక పిల్లలో అడిగితే మొదటి నుంచి వెతకక్కర్లేదు.

పేజ్ బులవార్డ్ భవనాన్ని 2011లో ఖాళీ చేశారు. సెయింట్ లూయిస్ కౌంటీ ఉత్తరాన స్పానిష్ లేక్‌లో కొత్తది కట్టారు. ఇందులో స్ప్రింక్లర్లున్నాయి. చల్లగా, పొడిగా ఉంచే ప్రత్యేక గదుల్లో 'బి' ఫైళ్లున్నాయి. అర్జీ వచ్చినప్పుడు ఆ ఫైలును పరిరక్షణ ల్యాబ్‌కు తెస్తారు. బూజు తుడిచి, అతుక్కున్న పేజీలు విడదీసి, మాడి నల్లబడ్డ చోట ఇన్‌ఫ్రారెడ్ కెమెరాతో అక్షరాలు వెలికితీస్తారు. సైన్యం వదిలి 62 ఏళ్లు దాటినవాళ్ల ఫైళ్లను ఇప్పుడు ఎవరైనా అడగొచ్చు. మనవళ్లకూ దారి దొరికింది.

కానీ ఆ మంటలు నేర్పాల్సిన మొదటి పాఠం నకళ్లది. 2020 మార్చిలో కోవిడ్‌కు కేంద్రం తలుపులు మూసినప్పుడు, ఫైళ్లలో ఎక్కువ భాగం ఇంకా కాగితం మీదే ఉంది. కాగితం లోపల, మనుషులు బయట. అంత్యక్రియలకు, అత్యవసర వైద్యానికి, గూడు లేని మాజీ సైనికులకు కావాల్సిన అర్జీలను మాత్రం చూడటానికి కొద్దిమందిని లోనికి పంపారు. మిగతావి పేరుకుపోయి అయిదు లక్షలు దాటాయి. అవి తీరేసరికి 2024 వచ్చింది.